కంపెనీ సైలెన్సర్ విప్పేశాక...

డెట్రాయిట్ శివార్లలోని ఒక కాలనీ. ఇంటి ముందు షెల్బీ జీటీ350 మస్టాంగ్ నిలిపి ఉంది. ఓనరు డోర్ తీసి కూర్చున్నాడు, స్టార్ట్ బటన్ నొక్కాడు. 5.2 లీటర్ల వీ8 ఇంజిన్ ఒక్క ఉదుటున మేల్కొంది. ఆయన కారును వెనక్కి తీసుకుంటూ రోడ్డెక్కాడో లేదో, ఆ గర్జన భరించలేని ఇరుగుపొరుగులో ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు.

ఫోన్ చేసినవాళ్లకు బహుశా తెలియని సంగతి ఒకటుంది. ఆ స్టీరింగ్ వెనక ఉన్న స్టీవ్ వాన్ ఫోర్‌స్టర్, ఫోర్డ్ కంపెనీలో వాహన ఇంజినీరింగ్ విభాగానికి అధిపతిగా పనిచేసిన మనిషి. పోలీసుల దాకా వెళ్లిన ఆ ఫిర్యాదు అక్కడితో ఆగలేదు, ఫోర్డ్ ఇంజినీర్ల టేబుల్ మీదికీ చేరింది. 2018 మస్టాంగ్ జీటీలో ‘క్వైట్ స్టార్ట్’ ఏర్పాటు అలా పుట్టింది. ఎగ్జాస్ట్ గొట్టంలో కరెంటుతో తెరుచుకుని మూసుకునే కవాటాలు పెట్టారు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఏడు దాకా మెల్లగా స్టార్ట్ అవ్వాలని ముందే చెప్పి ఉంచితే, కారు ఆ మాట వింటుంది. స్టార్ట్ చేసినప్పటి చప్పుడు దాదాపు పది డెసిబెల్స్ తగ్గి, 72 దగ్గర ఆగుతుందని కంపెనీ ప్రకటించింది.

ఒకవైపు కంపెనీ ఇంత తాపత్రయపడుతుంటే, మరోవైపు అదే కారు కొన్నవాళ్లలో చాలామంది మొదట చేయించే మార్పు సైలెన్సర్ విప్పించడం! న్యూయార్క్‌లో చప్పుడును పట్టే కెమెరాలు, పారిస్‌లో మైకులు కట్టిన స్తంభాలు, విశాఖలో, హైదరాబాద్‌లో పట్టుబడ్డ సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కిస్తున్న పోలీసులు... కారు గొంతు మీద ఇంత రచ్చ ఎందుకు జరుగుతోంది? ఆ గొంతు మీద మనిషికి అంత మోజెందుకు?

గొంతు ఎక్కడ పుడుతుంది?

ఇంజిన్ సిలిండర్‌లో పెట్రోలు మండిన ప్రతిసారీ వేడి వాయువు ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. ఆ తన్ను ఒక శబ్ద తరంగం. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతుంటే, సెకనుకు సుమారు 133 సార్లు ఇలా జరుగుతుంది. అదే పది సిలిండర్ల లెక్సస్ ఎల్ఎఫ్ఏ తొమ్మిది వేల చుట్ల మీద సెకనుకు 750 సార్లు తంతుంది. మొదటిది మంద్రంగా గుడగుడలాడితే, రెండోది తారస్థాయిలో పాడుతుంది. ఎల్ఎఫ్ఏ శబ్దాన్ని తీర్చిదిద్దడంలో యమహా పాలుపంచుకుంది. అలాంటి కార్లు 500 మాత్రమే తయారయ్యాయి. వాటి ధరకు ఆ గొంతు కూడా ఒక కారణమే.

అమెరికన్ వీ8 గొంతు ప్రత్యేకం. దాని క్రాంక్‌షాఫ్ట్ మలుపులు ముందునుంచి చూస్తే అడ్డంగా, నిలువుగా ప్లస్ గుర్తులా ఉంటాయి. దానివల్ల ఒక్కో వైపున్న నాలుగు సిలిండర్లు సమాన వ్యవధిలో మండవు. కొన్ని వెంటవెంటనే, కొన్ని కాస్త ఆగి మండుతాయి. తాళం తప్పకుండానే నడక మార్చే డప్పు దరువు లాంటిది ఆ చప్పుడు. షెల్బీ జీటీ350లో ఈ పద్ధతి మార్చి, ఫెరారీల తరహాలో సిలిండర్లు సమంగా మండేలా చేసే క్రాంక్‌షాఫ్ట్ పెట్టారు. అందుకే అది మామూలు మస్టాంగ్‌లా గుడగుడలాడదు, 8,250 చుట్ల దాకా కేక పెడుతూ పోతుంది.

ఈ గొంతులు జనం చెవుల్లో నాటుకుపోవడానికి సినిమా కూడా తోడ్పడింది. 1968లో వచ్చిన ‘బుల్లిట్’లో స్టీవ్ మెక్వీన్ ఆకుపచ్చ మస్టాంగ్‌ను శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల మీద పరిగెత్తించిన సన్నివేశం నేటికీ కార్ల ప్రేమికులకు కంఠోపాఠం. 2001లో ఆ పేరుతోనే ప్రత్యేక మస్టాంగ్ తెచ్చినప్పుడు, సినిమాలోని కారు చప్పుడును గుర్తుచేసేలా ఫోర్డ్ ఎగ్జాస్ట్‌ను ట్యూన్ చేసింది. అంతకుముందే, 1989లో మియాటాను తెచ్చినప్పుడు మాజ్దా ఇంజినీర్లు పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ల చప్పుడును మనసులో పెట్టుకుని చిన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు గొంతు కుదిర్చారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కంపెనీ సైలెన్సర్ అంటే చప్పుడును నొక్కేసే డబ్బా అని చాలామంది అనుకుంటారు. మంచి స్పోర్ట్స్ కారు విషయంలో అది ఎన్నో నెలల పాటు విని, కోసి, మళ్లీ విని కుదిర్చిన పరికరం. దాన్ని కోసి పారేసే ముందు ఆ సంగతి తెలుసుకోవాలి.

మరి కంపెనీలు ఎందుకు తగ్గిస్తాయి?

చట్టం మొదటి కారణం. ఐరోపా నిబంధనల ప్రకారం గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారు యాక్సిలరేటర్ తొక్కుతూ పోతుంటే, ఏడున్నర మీటర్ల దూరంలోని మైకు ఆ చప్పుడును కొలుస్తుంది. మామూలు కార్లకు 2016లో 72 డెసిబెల్స్ ఉన్న పరిమితి దశలవారీగా 68కి దిగింది. శక్తిమంతమైన కార్లకు కాస్త వెసులుబాటు ఉన్నా, మొత్తం మీద గీత కిందికే జరుగుతోంది. మన దేశంలో ప్రయాణికుల కార్లకు పరిమితి 74 డెసిబెల్స్.

రెండోది పర్యావరణం. 1975 నుంచి అమెరికా కార్లలో చేరిన కెటలిటిక్ కన్వర్టర్, ఆ తర్వాత వచ్చిన టర్బోచార్జర్, 2018 నుంచి ఐరోపా కార్లలో కనిపిస్తున్న మసిని వడపోసే ఫిల్టర్... ఇవన్నీ పొగతో పాటు చప్పుడునూ కొంత మింగేస్తాయి. పోయిన చప్పుడును వెనక్కి తేవడానికి కంపెనీలు స్పీకర్లను కూడా ఆశ్రయించాయి. 2011 నాటి బీఎండబ్ల్యూ ఎం5 ఇంజిన్ చప్పుడును లోపలి స్పీకర్లలోంచి వినిపించినప్పుడు, అభిమానులు మోసపోయినట్టు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. లక్షలు పోసి కొన్నవాడికి రికార్డింగు వినిపిస్తే ఎలా?

మూడో కారణం మనుషులు. ఒకే కారును పాతికేళ్ల కుర్రాడూ కొంటాడు, అరవై ఏళ్ల డాక్టరూ కొంటాడు. ఇద్దరికీ నచ్చేలా చేయాలంటే మధ్యేమార్గమే దిక్కు.

| బాక్స్ | తండ్రి తుపాకీ... కొడుకు సైలెన్సర్

ఇంజిన్ ఎగ్జాస్ట్‌కు సైలెన్సర్ పేటెంట్‌ను అమెరికాలోని ఇండియానాకు చెందిన రీవ్స్ సోదరులు 1897లో పొందారు. ఈ కథలో మరో ఆసక్తికరమైన కుటుంబం మాక్సిమ్‌లది. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ 1884లో ఆటోమేటిక్ మెషిన్‌గన్ చేశాడు. ఆ తుపాకుల మోత మధ్య బతికిన ఆయనకు చివరికి చెవుడు వచ్చింది. కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకీ చప్పుడు తగ్గించే సైలెన్సర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అదే సూత్రంతో ఇంజిన్లకూ సైలెన్సర్లు చేశాడు.

షెడ్డులో జరిగేది ఇదీ

కారును లిఫ్ట్ మీద పైకెత్తుతారు. వెనక బంపర్ కింద బోల్టులు, రబ్బరు హ్యాంగర్లు ఊడదీస్తే కంపెనీ సైలెన్సర్ చేతికొస్తుంది. ఆ తర్వాత దారులు చాలా ఉన్నాయి.

అన్నిటికంటే చవకైంది సైలెన్సర్ తీసేసి, ఆ స్థానంలో ఖాళీ గొట్టం వెల్డింగ్ చేయించడం. అన్నిటికంటే చెడ్డది కూడా ఇదే. ఖర్చుకు వెనకాడనివాళ్లు వెనక ఇరుసు నుంచి చివరిదాకా ఉన్న భాగాన్ని లేదా కన్వర్టర్ తర్వాతి భాగం మొత్తాన్ని బయటి బ్రాండ్ సెట్‌తో మారుస్తారు. బోర్లా, ఫ్లోమాస్టర్, స్లొవేనియాకు చెందిన అక్రాపోవిచ్ లాంటి కంపెనీలు దీని మీదే పేరు తెచ్చుకున్నాయి. ఫోర్డ్ తన పర్ఫార్మెన్స్ విభాగం ద్వారా బోర్లా చేసిన సెట్లనే టూరింగ్, స్పోర్ట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు స్థాయుల్లో అమ్మింది. ఎవరి చెవికి ఎంత కావాలో అంతే తీసుకోవచ్చన్నమాట.

లోపలి తీరును బట్టి గొంతు మారుతుంది. గదులు గదులుగా చేసిన సైలెన్సర్‌లో తరంగాలు గోడలకు కొట్టుకుని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దాని చప్పుడు బొంగురుగా, పాత కాలపు అమెరికన్ కారులా ఉంటుంది. చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఉన్ని చుట్టిన సైలెన్సర్ గరుకును పీల్చుకుని మూల స్వరాన్ని వదులుతుంది. కాలం గడిచి ఆ ఉన్ని కాలిపోతే మళ్లీ మోత మొదలు. వీ8 కార్లలో రెండు గొట్టాలను మధ్యలో ‘ఎక్స్’ ఆకారంలో కలిపితే గొంతు సన్నబడి పదునెక్కుతుంది. ‘హెచ్’లా కలిపితే మంద్రం నిలుస్తుంది. అనుభవమున్న వెల్డర్లు గొట్టం మీద ఒక్క చూపుతో కారు ఎలా మాట్లాడుతుందో చెప్పేస్తారు. ఈ పనిలో ఉన్న గొప్ప నైపుణ్యం అది. దాన్ని వట్టి గోల కింద కొట్టిపారేయడం ఆ పనివాళ్లకు అన్యాయం చేయడమే.

పైసా ఖర్చు లేని ఉపాయాలూ ఉన్నాయి. కొన్ని కొర్వెట్ స్పోర్ట్స్ కార్లలో కంపెనీయే కవాటాలున్న ఎగ్జాస్ట్ ఇచ్చింది. మామూలు వేగంలో అవి మూసుకుని, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే తెరుచుకుంటాయి. వాటికి సంబంధించిన చిన్న ఫ్యూజ్ పీకేస్తే ఎప్పుడూ తెరిచే ఉంటాయని ఓనర్లు కనిపెట్టారు. కాలనీలోకి రాగానే ఫ్యూజ్ మళ్లీ పెట్టేస్తే పక్కింటివాళ్లతో పేచీ ఉండదు. ఇంత సరళమైన పరిష్కారం వెల్డింగ్ గొట్టంతో దొరకదు.

హైవే మీద మొదలయ్యే తలనొప్పి

కొత్త ఎగ్జాస్ట్ పెట్టించిన రోజు పండగే. సొరంగం కనిపిస్తే అద్దాలు దించడం, గేరు తగ్గించి యాక్సిలరేటర్ తొక్కడం, స్నేహితుల ముందు రేజ్ చేయడం. అసలు పరీక్ష మొదటి దూర ప్రయాణంలో ఎదురవుతుంది.

హైవే మీద ఇంజిన్ ఒకే వేగంతో తిరుగుతుంటుంది. ఆ స్వరం కారు లోపలి గాలితో శ్రుతి కలిస్తే ‘బూ...’ అంటూ ఆగని మోత పుడుతుంది. అమెరికాలో కార్లవాళ్లు దీన్ని ‘డ్రోన్’ అంటారు. పాట వినపడదు, ఫోన్ మాట్లాడలేరు, వెనక సీట్లో పిల్లలు పడుకోరు. బయట నుంచి వినేవాళ్లకు కారు గొంతు ముచ్చటగానే ఉండొచ్చు. లోపల కూర్చున్న ఇల్లాలు మాత్రం ఇంకోసారి ఈ కారులో రానని తేల్చి చెప్పేస్తుంది. కంపెనీ సైలెన్సర్‌ను అటక మీద దాచుకున్నవాళ్లు బతికిపోతారు. తుక్కుకింద అమ్మేసినవాళ్లు మళ్లీ వెతుక్కోవాలి.

దీనికి చక్కటి మందుంది. ఎగ్జాస్ట్ గొట్టానికి పక్కగా, ఒక చివర మూసిన కొమ్మలాంటి గొట్టం అతికిస్తారు. మోత ఆ కొమ్మలోకి వెళ్లి, మూసిన చివర తగిలి, సరిగ్గా వ్యతిరేక దశలో తిరిగొచ్చి అసలు మోతను చంపేస్తుంది. వీ8లో రెండు వేల చుట్ల దగ్గర వచ్చే మోతకు, మూడు వందల డిగ్రీల వేడి వాయువులో ఈ కొమ్మ సుమారు 90 సెంటీమీటర్ల పొడవుండాలి. లెక్క తప్పితే పని చేయదు. మిగతా చప్పుడు చెక్కుచెదరదు, ఆ ఒక్క మోతే పోతుంది. చప్పుడు పెంచడం ఎవరైనా చేస్తారు. అక్కర్లేని స్వరాన్ని ఏరి తీసేయడానికే పనితనం కావాలి.

పవర్ సంగతి కూడా చెప్పుకోవాలి. ‘సైలెన్సర్ మారిస్తే బండి పిక్కప్ పెరుగుతుంది’ అనేది షెడ్డుల్లో వినపడే పాత మాట. ఇప్పటి స్పోర్ట్స్ కార్ల ఎగ్జాస్ట్ గాలిని ఇప్పటికే బాగా వదులుతుంది. వెనక సైలెన్సర్ ఒక్కటే మారిస్తే దక్కేది చాలా స్వల్పం. చప్పుడు పెరిగితే వేగం పెరిగిందని చెవి మనల్ని నమ్మిస్తుంది. ఇంకా ముందుకెళ్లి కన్వర్టర్ కూడా పీకిస్తే ‘చెక్ ఇంజిన్’ దీపం వెలుగుతుంది, విషవాయువులు నేరుగా గాలిలో కలుస్తాయి. అమెరికాలో అది ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

| బాక్స్ | పది పెరిగితే పదింతలు

డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పదింతలవుతుంది. చెవికి సుమారు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. 85 డెసిబెల్స్‌ను రోజుకు ఎనిమిది గంటల వరకు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆపై ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే. రాత్రివేళ రోడ్డు చప్పుడు సగటున 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో సిఫారసు చేసింది.

గోడ అవతలి చెవులు

ఈ తగువు నిన్నమొన్నటిది కాదు. 1910ల నాటి కార్లలో డ్రైవర్ కాలి దగ్గర ‘కటౌట్’ అనే మీట ఉండేది. తొక్కితే పొగ సైలెన్సర్‌ను తప్పించుకుని నేరుగా బయటికి పోయేది. గుట్టలెక్కేటప్పుడు ఇంజిన్‌కు ఊపిరాడుతుందన్న వంకతో జనం ఊరి మధ్యలోనూ దాన్ని తొక్కేవారు. అమెరికాలో చాలా పట్టణాలు దాన్ని నిషేధించాల్సి వచ్చింది.

ఇప్పుడు మీటల స్థానంలో మైకులొచ్చాయి. పారిస్ ప్రాంతంలో శబ్దాన్ని అధ్యయనం చేసే బ్రూయిట్‌పారిఫ్ సంస్థ ‘మెడూస్’ అనే పరికరం చేసింది. నాలుగు మైకులు చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో పట్టుకుంటాయి, కెమెరా నంబర్ ప్లేటు తీస్తుంది. 2022లో అలాంటి శబ్ద రాడార్‌ను తూర్పు పారిస్‌లో నిలబెట్టారు. సైలెన్సర్ మార్చిన ఒక్క స్కూటర్ అర్ధరాత్రి పారిస్‌ను దాటి వెళ్తే పదివేల మంది నిద్ర చెడుతుందని ఆ సంస్థ అంచనా. పదివేల మందిలో పొద్దున డ్యూటీ ఉన్న నర్సు ఉంటుంది, జ్వరంతో ఉన్న పసివాడుంటాడు. వాళ్లెవరూ ఆ స్కూటర్ మోజులో వాటా అడగలేదు.

న్యూయార్క్ రాష్ట్రం 2021లో కొత్త చట్టం చేసి, అక్రమ ఎగ్జాస్ట్‌కు గరిష్ఠ జరిమానాను 150 నుంచి వెయ్యి డాలర్లకు పెంచింది. బిగించిన షెడ్డువాళ్లనూ బాధ్యులను చేసింది. కాలిఫోర్నియాలో కార్లకు 95 డెసిబెల్స్ గీత ఉంది. బ్రిటన్ ప్రభుత్వం 2022లో శబ్ద కెమెరాలను పరీక్షించడం మొదలుపెట్టినప్పుడు మొదటి స్తంభం యార్క్‌షైర్‌లోని కీత్లీ పట్టణంలో పాతారు. వేసవిలో విదేశీ సూపర్‌కార్లు చేరే లండన్ నైట్స్‌బ్రిడ్జ్ వీధుల్లో స్థానికులు ఏళ్లుగా పోరాడుతూనే ఉన్నారు.

అమెరికా నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ మస్టాంగ్, కమారో, కొర్వెట్ కలలు కన్నవారున్నారు. అద్దె అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో తెల్లవారుజామున ఆ కలను స్టార్ట్ చేసేటప్పుడు కొంచెం ఆలోచించాల్సిందే. ఫోర్డ్‌లో అంత పెద్ద ఇంజినీర్‌కే ఇరుగుపొరుగు ఫిర్యాదు తప్పలేదు మరి.

మన రోడ్ల మీద

మస్టాంగ్ జీటీ 2016లో మన దేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చింది. అయినా తెలుగు రాష్ట్రాల్లో వీధిని నిద్రలేపేది స్పోర్ట్స్ కార్ల కంటే బుల్లెట్ మోటార్‌సైకిళ్లే. ఇండోరీ, పంజాబ్ అనే రకాల సైలెన్సర్లు బిగించి, ఆసుపత్రి ముందు కూడా టపటపా పేల్చుకుంటూ పోయే కుర్రాళ్లను చూడని ఊరు లేదు. ఆ పేలుడులో ఇంజిన్ గొంతు ఎక్కడా వినపడదు. అందం కోసం చేసిన మార్పు అందాన్నే మింగేస్తే ఎవరికి లాభం?

| బాక్స్ | చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి వాహనానికీ సైలెన్సర్ ఉండాలంటుంది. శబ్ద ప్రమాణాలను ఉల్లంఘిస్తే 190(2) సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు లేదా పదివేల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, దాంతోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. వాహనాన్ని అనుమతి లేకుండా మారిస్తే 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు అయిదు వేలు జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ. కంపెనీ నమూనాకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద మండలంలో అవి 50, 40.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా, దాన్ని అమలుచేసే చోట కొలత లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే బండి పొగను కొలుస్తుంది, చప్పుడును కొలవదు. దాంతో పోలీసు చెవికి గట్టిగా వినపడిందే నేరమవుతోంది. రోలర్ కింద నలిగిన సైలెన్సర్ల ఫొటో మర్నాడు పేపర్లో పడుతుంది, వారం తిరిగేలోగా దుకాణంలో కొత్త స్టాకు దిగుతుంది.

జపాన్ పద్ధతి చూస్తే మనకో దారి కనిపిస్తుంది. స్పోర్ట్స్ కార్ల మోజు బాగా ఉన్న ఆ దేశం మార్పులను పూర్తిగా నిషేధించలేదు, కొలిచింది. కొత్త కారుకు మొదటి మూడేళ్ల తర్వాత, ఆపై రెండేళ్లకోసారి తప్పనిసరి తనిఖీ ఉంటుంది. గొట్టం చివరికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టి చప్పుడు చూస్తారు. ఇంజిన్ ముందుభాగంలో ఉన్న కార్లకు చాలాకాలం 96 డెసిబెల్స్ గీత నడిచింది. 2010 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు బయటి సైలెన్సర్ పెట్టాలంటే దాని మీద ధ్రువీకరణ గుర్తు ఉండాలి. ఐరోపాలోనూ ప్రత్యామ్నాయ సైలెన్సర్లకు ‘ఇ’ ముద్ర వేసే పద్ధతి ఉంది. ఆ ముద్ర ఉన్నవాడు ధైర్యంగా రోడ్డెక్కుతాడు, లేనివాడు పట్టుబడతాడు. మంచి వెల్డర్‌కూ గొట్టం కోసి పారేసేవాడికీ మధ్య తేడాను అక్కడి చట్టం గుర్తిస్తుంది.

మన దగ్గర ఆ పని మొదలుపెట్టడానికి పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేదు. వాహనాల శబ్ద పరీక్షలు చేసే సామర్థ్యం పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐకి ఎప్పటినుంచో ఉంది. బయటి సైలెన్సర్లకు అక్కడ పరీక్ష పెట్టి ముద్ర వేయొచ్చు. ముద్ర లేని సరుకు అమ్మే దుకాణాన్నీ, బిగించిన షెడ్డునూ న్యూయార్క్ తరహాలో బాధ్యుల్ని చేయొచ్చు. పొల్యూషన్ తనిఖీ కేంద్రంలో పొగ యంత్రం పక్కనే ఒక డెసిబెల్ మీటరు పెట్టొచ్చు. ట్రాఫిక్ పోలీసులకు అలాంటి మీటర్లే ఇచ్చి, ముందుగా ఆసుపత్రుల చుట్టూ ఉన్న వంద మీటర్లలో, రాత్రి పది తర్వాత నిలబెట్టొచ్చు.